పరగడుపు సూత్రాలు: టీకా తాత్పర్య సహితము

మూలము: "బాబాయ్, అన్నం విషం. పరగడుపున నిమ్మరసం తాగితే లోపలంతా కడిగేస్తుంది. ప్రోటీన్ చూసుకో, చాలు."

అవతారిక: ఈ సూత్రాలకు కర్తలు అనేకులు. ప్రతి చుట్టరికంలోనూ ఒకడు ఉంటాడు. ఎవరికో నెలనెలా డబ్బు కట్టి ఆహార నియమం నేర్చుకుంటాడు. నేర్చినదాన్ని ఎదుటివాడు వేడన్నంలో ముద్దపప్పు కలిపి, నెయ్యి కోసం చూస్తున్న క్షణంలోనే ఉపదేశించాలన్నది వాడి సంప్రదాయం. మర్యాదకు తల ఊపుతూ కూర్చుంటే నెయ్యి గిన్నె పక్క ఆకుకు వెళ్లిపోతుంది. ఈ వ్యాఖ్య పుట్టడానికి కారణం అదే.

కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ఒట్టేసుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం చేశాడు. మన మూలం కాళిదాసుది కాదు గనుక నాకా ఒట్టు లేదు.

ప్రథమ సూత్రము: "అన్నం విషం." అన్నమంటే ఏమిటో ఎరగనివాడు ఈ వ్యాఖ్య చదవడు కాబట్టి ప్రతిపదార్థం వదిలేస్తున్నాను. పాఠభేదాలు మాత్రం చెప్పక తప్పదు. కొన్ని ప్రతుల్లో "తెల్లన్నం విషం" అని ఉంది. ఆదివారం ప్రతుల్లో "బిరియానీ తప్ప" అని అదనంగా కనిపిస్తుంది. అది ప్రక్షిప్తమని పండితులు అనవచ్చు. సూత్రకారుడు మారు వడ్డించుకోవడం కళ్లారా చూసినవాణ్ణి గనుక అది కర్తృసమ్మతమేనని నా నిర్ణయం.

ఈ సూత్రానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు, అది సూత్రకారుడికి తెలియదంతే. ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేది. మరలో తెల్లగా పట్టిన బియ్యంలోంచి తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది. మిగిలిన కాస్తా గంజితో పాటు వార్చేసేవారు. కాళ్లు తిమ్మిరెక్కేవి, గుండె నీరసించేది. ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. అంతకాలం అన్నం మీద పని చేసినవాళ్లు కూడా దాన్ని విషమనలేదు. మరీ పాలిష్ పట్టకండి, పప్పూ ఆకుకూరా తోడుంచుకోండి అన్నారు. ఇంత చిన్న మాటకు శిష్యులు దొరకరు, ఫీజు అసలే రాదు.

ద్వితీయ సూత్రము: నిమ్మరసం. అలంకారం అతిశయోక్తి. జఠరంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పులుపులో నిమ్మకాయకు ఏమీ తీసిపోదు. దాని మీద గ్లాసుడు నీళ్లలో పిండిన అరచెక్క పోయడం సముద్రానికి ఉప్పు మోయడమే. జఠరం దాటగానే క్లోమం నుంచి వచ్చే క్షారరసం ఆ పులుపును విరిచేస్తుంది. ఇక కడిగేది ఎక్కడ? ఒంట్లో చేరిన చెత్తను వదిలించే పని కాలేయమూ మూత్రపిండాలూ రాత్రింబగళ్లు చేస్తూనే ఉన్నాయి. అయినా లోపల కడగాల్సిన మకిలేం లేదు. ఉన్నది సుమారు ఆరు మీటర్ల చిన్నపేగు, దాని లోగోడ నిండా కంటికి ఆనీ ఆనని చూషకాలు. తిన్నది ఒంటికి పట్టేది అక్కడే.

విశేషము: ఈ చూషకాల దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగుతాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. ఆ జబ్బులో పేగు పీల్చుకోదు. తిన్నది తిన్నట్టు పోతుంది. కంచం నిండా అన్నం ఉండగానే మనిషి ఎండిపోతాడు. ఆయనకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడి, తర్వాత అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ దారిలోనే కండరంలో ఏటీపీని పట్టుకున్నాడు. మనం మింగిన ముద్ద నడకగా, మాటగా, ఆఖరికి ఉపన్యాసంగా మారాలన్నా ఆ ఏటీపీయే ఆధారం. లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకు పనిచేసింది. అన్నదమ్ములు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. 1948లో ఆయనా వెళ్లిపోయాడు, 53 ఏళ్లకే. ఇవాళ మన ఊళ్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మాత్ర మీద ఆయన పేరుండదు.

సూత్రకారుణ్ణి మరిచాను. ఈలోగా అతను పెరుగు దాకా వచ్చాడు.

తృతీయ సూత్రము: "ప్రోటీన్ చూసుకో, చాలు." మామూలు మనిషికి కిలో బరువుకు సుమారు 0.8 గ్రాములు రోజుకు సరిపోతుంది. కొరత ప్రోటీన్‌ది కాదు, అసలు తిండిదే, కడుపునిండా తింటే మన అన్నం పప్పుల్లోనే అది చాలావరకు వస్తుందని పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ వంటివారు ఎప్పుడో వాదించారు. సూత్రకారుడు డబ్బాపొడి తాగుతాడు, తాగనీ. నా పేచీ వేరే. ఈ సూత్రం ఎవరిని ఉద్దేశించింది? బాబాయినే అని పూర్వపక్షం. బాబాయికి లోటేమీ లేదు, పొట్ట చూస్తేనే తెలుస్తుంది. చెప్పాల్సిన మనిషి పంక్తిలో లేదు. గరిటె పట్టుకుని వరస మధ్య తిరుగుతోంది.

అందరూ లేచాక ఆమె తింటుంది. గిన్నె అడుగున మిగిలిన పప్పు, చల్లారిన అన్నం, కూర అయిపోతే పచ్చడి. నిలబడే నాలుగు ముద్దలు తిని, వెంటనే కాఫీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. తోటకూర పప్పులో నిమ్మచెక్క పిండుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది, అన్నం తిన్న వెంటనే కాఫీ తాగితే పట్టదు. పోషకాహారం పేరిట చెప్పదగ్గ మాట ఇదీ. దీన్ని వంటింట్లోకి వెళ్లి చెప్పిన సూత్రకారుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

తాత్పర్యము: నాయనా, వచ్చే శుభకార్యంలో మీ పిన్నిని మొదటి బంతిలో కూర్చోబెట్టి గరిటె నువ్వు అందుకో. వడ్డిస్తూ ఉపన్యాసం చెప్పినా మాకెవరికీ అభ్యంతరం లేదు.