గుండు ఉచితం

తిరుపతిలో రైలు దిగగానే మన బాగోగులు పట్టించుకునే ఆత్మబంధువు దళారీ ఒక్కడే. "చంటిపిల్లతో దర్శనం క్యూ కంపార్టుమెంట్లలో గంటలు గంటలు ఎక్కడ కూర్చుంటారమ్మా!" అని అతను పడే ఆవేదన సొంత మేనమామ కూడా పడడు.

అతగాడి ప్రతిభకు చేతులెత్తి మొక్కాలి. సర్వదర్శనం ఉచితం. దాని టోకెనూ ఉచితమే. కొండ మీద వెంగమాంబ సత్రంలో భోజనం ఉచితం. తిరగడానికి ధర్మరథం బస్సు ఉచితం. ప్రత్యేక ప్రవేశ దర్శనానికి దేవస్థానం వెబ్‌సైట్లో 300 రూపాయలు. ఇన్ని ఉచితాల నడుమ నిలబడి మనచేత వేలు కక్కించడం సామాన్యుడి వల్ల అవుతుందా? కల్యాణకట్టలో గుండుకు పైసా అక్కర్లేదు. దళారీ దగ్గర మాత్రం దానికీ రేటుంది.

అతనిచ్చే టికెట్ చూడముచ్చటగా ఉంటుంది. ఎవరిదో పాత టికెట్ మీద తేదీ, పేరు మార్చి వాట్సాప్‌లో పంపుతాడు. మనం దాన్ని కళ్లకద్దుకుని క్యూ దాకా వెళతాం. అక్కడి స్కానర్‌కు మొహమాటం తెలియదు. వెనక్కి తిరిగి ఫోన్ చేస్తే మేనమామ స్విచ్చాఫ్.

ఇంటి దగ్గరే మోసపోదామనుకునేవారికీ సౌకర్యం ఉంది. గదుల కోసం ఇంటర్నెట్లో వెతికితే గోపురం బొమ్మ, శంఖుచక్రాలు, కింద ఒక సెల్ నంబరు. ఆ బొమ్మకు దండం పెట్టేవాడు సైటు చిరునామా చూడడు. అద్దె పడాల్సిన యూపీఐ ఖాతా ఎవరో వ్యక్తి పేరున ఉన్నా అనుమానం రాదు. "డబ్బు అందలేదు, మళ్లీ పంపండి" అంటే మళ్లీ పంపుతాడు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశముంది. కానీ పరువు అడ్డొస్తుంది.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికీ అదే అడ్డు. "అయ్యా, వందల మందిని దాటుకుని లోపలికి పోదామని దొడ్డిదారి కొన్నాను. తీరా చూస్తే అది నకిలీ దొడ్డిదారి" అని రాసివ్వాలి మరి. ఇలాంటి ఫిర్యాదు రాయడానికి మన చెయ్యి ఆడదని దళారీకి ముందే తెలుసు. అతని ధైర్యమంతా అదే.

వెబ్‌సైట్లు సరిచూసుకోండి, రశీదు అడగండి అని అధికారులు మొత్తుకుంటూనే ఉన్నారు. మంచిదే. అయితే ముందున్నవాడి వెనకే నిలబడతానని తీర్మానించుకున్న భక్తుడికి అమ్మడానికి ఏ దళారీ దగ్గరా సరుకు లేదు.