కండెల రాట్నం ఆత్మకథ

నేను రాట్నాన్ని. పేరు వినగానే గాంధీగారి పక్కన ఫొటోలో ఉండే రాట్నం మీకు గుర్తొచ్చి ఉంటుంది. అది మా జాతిలో పెద్దింటి బిడ్డ. పత్తి వడికి నూలు తీస్తుంది. నాకు అంత విద్య లేదు. ఎవరో తీసిన నూలును చిలప నుంచి విప్పి కండె మీదికి చుట్టడమే నా పని. ఆ కండె నాడెలోకి వెళ్తుంది. నాడె పడుగులోంచి అటూ ఇటూ పరుగెత్తితే చీర తయారవుతుంది. చీర కట్టుకున్న ఆవిడకు నేసినవాడి సంగతే పట్టదు, ఇక కండెలు చుట్టినదాన్ని ఎవరు అడుగుతారు?

అయితే మగ్గానికి లేని భాగ్యం ఒకటి నాకుంది. మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. నా ముందు కూర్చునేది ఆడవాళ్ళూ పిల్లలూ. ఒకరు పిడి పట్టి తిప్పుతుంటే ఇంకొకరు చిలప విప్పుతూ తెగిన పోగు అతుకుతారు. ఆ పని చేస్తూ పిల్లలు మాట్లాడుకునే మాటలు ఇంట్లో పెద్దలకు కూడా తెలియవు. నేను చెప్పబోయేది అలా విన్న కథే.

నేను పుట్టింది షోలాపూర్ సాకర్ పేఠ్‌లో, 1930 వేసవిలో. ఆ మే నెలలో ఊళ్ళో మార్షల్ లా పెట్టారు. వడ్రంగి తలుపు వేసుకుని భయం భయంగా నా తుమ్మకర్ర చక్రానికి ఆకులు బిగించాడట. మరుసటి ఏడు జనవరి 12న, స్వరాజ్యం కోసం పోరాడిన మా ఊరి మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ షిండేలను యెరవాడ జైల్లో ఉరితీశారు. ఆ నలుగురి పేర్లు మా ఇంటి ముసలవ్వ నోట నేను ఎన్నిసార్లు విన్నానో!

మా ఇంటివాళ్ళు పద్మశాలీలు. ముసలవ్వ మామగారు కరువు కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. షోలాపూర్‌కు రైలు వచ్చింది, 1877లో జూని మిల్లు వచ్చింది. నూలు దొరికే చోటూ చీర అమ్ముడుపోయే చోటూ ఒకటే అయితే సాలెవాడు మగ్గం కట్టుకోవడానికి ఇంకేం కావాలి? ఒకరి వెనక ఒకరు వచ్చారు. సాకర్ పేఠ్, భద్రావతి పేఠ్, జోడ్‌భావి పేఠ్, కన్నా చౌక్... ఊరికి తూర్పువైపు పూర్వభాగ్ అంతా తెలుగే. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు, శ్రావణ పౌర్ణమికి రథం లాగుతున్నారు. ఈ పేటల్లో ఏ గడప ఎక్కి అడిగినా తాతో ముత్తాతో ఎక్కడినుంచో వచ్చినవాడే.

1947 ఆగస్టులో మా వీధిలో జెండా ఎగిరింది. కానీ తూర్పున నలభై అయిదు కిలోమీటర్ల దూరంలోని నల్‌దుర్గ్ కోట మీద ఎగరలేదు. అది నిజాం రాజ్యం. నవంబరు 29న ఢిల్లీకీ నిజాంకీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరినా శాంతి కుదరలేదు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దాడులకు జనం సరిహద్దు దాటి షోలాపూర్ చేరడం మొదలైంది. నూలు మోసుకొచ్చే మనిషి ఒకరోజు చెప్పాడు: కొల్హాపూర్ దగ్గర వలివడేలో యుద్ధం తరిమిన పోలెండ్ వాళ్ళు అయిదు వేలమంది దాకా 1943 నుంచీ ఉంటున్నారనీ, వాళ్ళకు బారాకులూ బడీ చర్చీ అన్నీ ఉన్నాయనీ. అది విని ముసలవ్వ, “మన దగ్గరికొచ్చేటోళ్ళకు మన అరుగులే బారాకులు” అంది.

1948 వానాకాలంలో మా అరుగు మీదికి ఒక పిల్ల వచ్చింది. ఆరేళ్ళుంటాయేమో. జనగామ వైపు పల్లె. తండ్రిని దాడిలో చంపారు, తల్లి దారిలో జ్వరంతో పోయింది. పేటలో చుట్టాలున్నారని ఒక ముసలి సాలె ఆయన వెంటబెట్టుకొచ్చాడు. వెతికితే ఆ చుట్టాలు బొంబాయి మిల్లులకు వెళ్ళిపోయారని తేలింది. ముసలాయన దిక్కుతోచక నిలబడ్డాడు. ముసలవ్వ పిల్లను నా ముందు కూర్చోబెట్టి, “పోగు అతకనొస్తదా?” అని అడిగింది. పిల్ల మాట్లాడలేదు. తెగిన పోగు రెండు కొసలూ తీసుకుని వేళ్ళ మధ్య మెలిపెట్టి అతికింది. ఆ అతుకు నాడె కన్నులోంచి ఎక్కడా తగులుకోకుండా పోయింది. సాలె ఇంటి బిడ్డేనని అందరికీ తెలిసిపోయింది.

మా ఇంట్లో ఒక పిల్లవాడున్నాడు, ఎనిమిదేళ్ళవాడు. అప్పటిదాకా కండెలు చుట్టడం వాడి పని, వాడికి ఆ పనంటే ఒళ్ళుమంట. పిల్ల రాగానే వాడు చేసిన మొదటి పని, పిడి ఆమె చేతికిచ్చి గోలీలాడటానికి పరుగెత్తడం. రెండోది వ్యాపారం. వాడు బడికి పోయేవాడు, పిల్లను బడికి పంపలేదు. ఆడపిల్ల, పైగా చేరదీసిన పిల్ల, కండెలు చుడితే చాలనుకున్నారు. ఆమె వాడి పలక వైపు ఆశగా చూసేది. వాడు బేరం పెట్టాడు: “రెండు కండెలు నావి నువ్వు చుట్టు, ఒక అక్షరం చెప్త.” అలా ‘అ’ నుంచి ‘ఱ’ దాకా ఆ పిల్ల ప్రతి అక్షరానికీ వెల కట్టి కొనుక్కుంది. గుణింతాలకు వాడు ధర పెంచాడు కూడా!

ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం పోలీసులూ ఎనభై మందికి పైగా చంపేశారన్న కబురు కొన్నాళ్ళకు పేటకు చేరింది. అది ఆ పిల్ల ఊరికి దగ్గరి ఊరు. ఆ తరవాత ఆమె లారీ చప్పుడు వింటే చాలు, మగ్గం గుంటలోకి దిగి దాక్కునేది. సెప్టెంబరు 13 తెల్లవారకముందు షోలాపూర్ నుంచే భారత సైన్యం హైదరాబాద్ రోడ్డున కదిలింది. టాంకులూ లారీలూ పోతుంటే మా ఇంటి మట్టిగోడలు అదిరాయి. పిల్ల గుంటలో ఉంది. పిల్లవాడు కాసేపు నవ్వాడు, కాసేపు పిలిచాడు, చివరికి తానూ గుంటలోకి దిగి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. మొదటిరోజే నల్‌దుర్గ్ పడింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. పేటలో లడ్డూలు పంచారు.

లడ్డూలు తిన్నవాళ్ళలో చాలామంది తరవాత సంగతి చెప్పరు, నేను చెబుతాను. అదే రోడ్డున మళ్ళీ జనం వచ్చారు. ఈసారి వచ్చింది ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో రజాకార్ల పాపానికి ఏ పాపం ఎరుగని వాళ్ళను బలిచేశారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం అంతా తిరిగి చూసి, చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక చాలా ఏళ్ళు వెలుగు చూడలేదు.

చంటిబిడ్డతో ఒక ముస్లిం స్త్రీ మా అరుగు మీద కూలబడింది. ఇరుగుపొరుగు గొణిగారు. “మన ఊరి కోసం ఉరికంబమెక్కిన నలుగురిలో కుర్బాన్ ఎవడు?” అని ముసలవ్వ అడిగేసరికి ఊరుకున్నారు. ఆ స్త్రీ ఊరికే పెట్టిన అన్నం ముట్టలేదు. ముసలవ్వ అది గమనించి కండెలు చుట్టమంది, కూలీ ఇస్తానంది. అప్పుడు తిన్నది. మా పిల్ల మాత్రం మూడు పూటలు ఆ ఛాయలకు రాలేదు. తండ్రిని చంపినవాళ్ళ మనిషి అనుకుందో ఏమో. నాలుగో పూట చిలపలు తెచ్చి ఆమె ముందు పడేసి పోయింది. ఇంకో రెండు రోజులకు ఎదురుగా కూర్చుని పోగులు అతికింది. నగరంలో నేతపని చేసే మోమిన్ల ఇంట ఆ స్త్రీకి చుట్టాలు దొరికేదాకా వాళ్ళిద్దరూ నా రెండు వైపులా అలాగే పనిచేశారు. ఒకరి కథ ఒకరికి చెప్పుకోలేదు.

1949 ఆగస్టులో జూని మిల్లు మూతపడింది. 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి తన చేతిలోకి తీసుకునేదాకా వేలమంది కూలీలకు పూట గడవలేదు. ఆ దెబ్బ పేటలకూ తగిలింది. మా మగ్గం వారంలో సగం రోజులు ఖాళీ. ఒక రాత్రి ఇంట్లో మాట వచ్చింది: అక్కడ నిజాం పోయాడు కదా, పిల్లను వాళ్ళ ఊరికి పంపిద్దామా అని. అక్కడ మాత్రం ఏముంది? తెలంగాణలో సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. పిల్ల మేలుకునే ఉంది. పిల్లవాడూ మేలుకునే ఉన్నాడు. వాడు లేచి కూర్చుని ఏడుపు గొంతుతో అరిచాడు: “చెల్లె పోతే నా కండెలు ఎవ్వలు చుడతరు?”

వాడు మొదటిసారి చెల్లె అన్నది అప్పుడే, అదీ తన స్వార్థానికి. ఇంటిల్లిపాదీ నవ్వారు, అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది. వాడి నాయినకు కోపం వచ్చింది. “నీ కండెలు ఆమె ఎందుకు చుట్టాలె?” అని కూపీ లాగితే అక్షరాల బేరం బయటపడింది. ఆయన అక్కడే తీర్పు చెప్పాడు. రేపటినుంచి చెరిసగం కండెలు, ఇద్దరూ బడికి. నాకు తెలిసి ఆ పిల్ల ఆ ఇంటి బిడ్డ అయింది ఆ రాత్రే.

1951 ఫిబ్రవరిలో జనాభా లెక్కల మనిషి వచ్చాడు. ఆ లెక్కల్లో కాందిశీకుల గురించి వేరే ప్రశ్న ఉంది, కానీ అది పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళకే. నిజాం రాజ్యం నుంచి వచ్చిన పిల్లకు ఆ కాగితంలో చోటు లేదు. నాయిన “కూతురు” అని రాయించాడు. ఆ రోజుల్లో దత్తత చట్టంలోనూ ఆమెకు చోటు లేదు. పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం దత్తత కొడుక్కే. కూతుర్ని దత్తత తీసుకునే హక్కు 1956 చట్టంతో వచ్చింది. అప్పటికి ఆమెను దత్తత తీసుకోవాలన్న ఆలోచన కూడా ఇంట్లో ఎవరికీ రాలేదు. కూతురే కదా!

తరవాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. ఆమెను అదే పూర్వభాగ్‌లో ఇచ్చారు. మరమగ్గాలు వచ్చాయి. జకార్డు మీద నేసే షోలాపూర్ చద్దరు దేశమంతా పరుచుకుంది, 2005లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అన్న ఆ చద్దర్ల కార్ఖానాలో పనిచేశాడు. కండెలు చుట్టడానికి యంత్రాలొచ్చాయి, నేను అటకెక్కాను. చెల్లెలు మా పేటల్లో వేలాది ఆడవాళ్ళలాగే తునికాకు ముందేసుకుని బీడీలు చుట్టింది. నేను నేర్పిన వేళ్ళే! రథం రోజున మగవాళ్ళు జంధ్యాలు మార్చుకుంటే ఆమె వచ్చి అన్న చేతికి నూలు పోగు కట్టి వెళ్ళేది.

నాయిన పోయాక ఇల్లు పంచుకునే మాట వచ్చింది. చేరదీసిన పిల్లకు వాటా ఏమిటని బంధువులు అన్నారు. అన్న ఒక్కటే అన్నాడు: “కండెలు చెరిసగం చుట్టినం. ఇల్లు కూడ చెరిసగమే.” వద్దని ఆమె మొహమాటపడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె పడలేదు. తన భాగం డబ్బు లెక్కపెట్టి తీసుకుంది, అటక మీది నన్నూ దింపించి తీసుకుపోయింది. 2006లో కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్టర్ చొరవతో కుంభారిలో బీడీ కార్మికులకు ఉద్యమ నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్ళు కట్టి ఇచ్చినప్పుడు ఆమెకూ ఒక ఇల్లు వచ్చింది. దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా మా నాయిన పేరు తన చేత్తో రాసింది. కండెలిచ్చి కొనుక్కున్న అక్షరాలు కదా అవి!

ఈనాటికీ యుద్ధాలు పిల్లల్ని తరుముతూనే ఉన్నాయి. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉన్నారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ చేయలేదు. కాగితం దారి చూపనిచోట గడపే దారి చూపాలి. అందుకే మీకు నా మనవి. మీ గడపకు అలాంటి పిల్ల వస్తే అన్నం పెట్టండి, కానీ అక్కడితో ఆగిపోకండి. మీ పిల్లకు చెప్పినంత పనే ఆ పిల్లకూ చెప్పండి. మీ పిల్లను పంపిన బడికే పంపండి. పంపకాల రోజున ఆ పిల్ల పేరు మరిచిపోకండి.