శనివారం శిష్యుడు, సోమవారం మాస్టారు

ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. మన మెడ పట్టి తిప్పడానికి మాత్రం ఓ అద్దె గది, అగరొత్తుల కట్ట, నువ్వుల నూనె సీసా చాలు! ఫిజియోథెరపీ డిగ్రీకి నాలుగేళ్లకు పైగా చదవాలి. ఎనర్జీ హీలింగ్‌కు వారాంతపు క్లాసు చాలట. ఆదివారం సాయంత్రానికి గ్రాండ్ మాస్టర్ సర్టిఫికెట్ గోడెక్కేస్తుంది. రోగిని ముట్టుకోకుండానే నయం చేసే మహానుభావులూ ఉన్నారు. వాళ్లు ముట్టుకునేది ఫీజునే.

అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల ఇలాంటి 21 మందికి పరీక్ష పెట్టింది. మధ్యలో అట్ట అడ్డుపెట్టి, తన చెయ్యి వాళ్ల ఏ చేతికి దగ్గరగా ఉందో శక్తితో కనిపెట్టమంది. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 123 సార్లే. బొమ్మాబొరుసూ వేసుకున్నా ఇంతకంటే నయం! 1998లో జామా వైద్య పత్రిక దాన్ని అచ్చేసింది కూడా. అయినా దుకాణాలు మూతపడ్డాయా? అబ్బే!

నూనె రాసి ఒళ్లు పడితే హాయే, కాదనం. మెడ పుటుక్కుమనిపిస్తే మాత్రం మెదడుకెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. కాబట్టి అయ్యా, అమ్మా, బల్ల మీద బోర్లా పడుకునే ముందు ఆ గోడమీది సర్టిఫికెట్‌లో కాలేజీ పేరేమైనా ఉందేమో ఓసారి చూడండి.