అంగడి చీటీకి టీకా తాత్పర్యం

మూలం: “ఆర్చర్ ఫిష్. వెరీ రేర్. మీఠా పానీలో కూడా అడ్జస్ట్ అయితది. నో రిటర్న్.”

అవతారిక. ఈ వాక్యచతుష్టయం హైదరాబాదు పాతబస్తీలో రంగుచేపలు అమ్మే అంగళ్లలో గాజుతొట్టెలకు అంటించిన చీటీలలో కనిపిస్తుంది. దీని కర్త ఎవరో తెలియదు. ఒక అంగడివారు పక్కవారిని చూసి రాశామంటారు, పక్కవారు మళ్లీ మొదటివారినే చూపిస్తారు. కనుక దీనిని అపౌరుషేయంగా గ్రహించడమే శాస్త్రసమ్మతం. మెదక్ సీమలోని కొల్చారం వాడని ప్రసిద్ధి పొందిన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం ఇక్కడ పాటించబడుతుంది. రెండవ సగం కూడా పాటిస్తే వ్యాఖ్య రెండు పంక్తులలో ముగిసి అంగడివాడు గెలుస్తాడు. ‘ఫిష్’ అనగా చేప అని చెప్పడం పాఠకుణ్ని అవమానించడమే గనుక అది విడువబడింది.

ఆర్చర్. విలుకాడు అని అర్థం. టాక్సోటిస్ అనే ప్రజాతికి చెందిన ఈ చేపలు నదులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల నీడన, ఉప్పూ తీపీ కలిసిన నీటిలో తిరుగుతాయి. అంగిలి పొడవునా ఉండే గాడికి నాలుకను అదిమితే గొట్టం ఏర్పడుతుంది. మొప్పల మూతలను ఒక్కసారిగా బిగించగానే నోటిలోని నీరు ఆ గొట్టం గుండా ధారగా వెలువడి, మీటరు ఎత్తున ఆకు మీద కూర్చున్న పురుగును సైతం నీటిలో పడగొడుతుంది.

ఇక్కడ పాఠభేదం ఒకటి ప్రస్తావనార్హం. 1764లో ష్లోసర్ అనే డచ్చి వైద్యుడు బటావియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, వచ్చిన నీరు చిమ్మే చేప వృత్తాంతాన్ని లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. వృత్తాంతం విలుకాడు చేపదే. దానితో పంపిన నమూనా మాత్రం పొడుగు ముక్కు ఉన్న సీతాకోకచిలుక చేపది. శ్లోకం ఒక తాళపత్రానిది, టీక ఇంకొకదానిది అయినప్పుడు పండితులు ఏమి చేస్తారో ఐరోపా కూడా అదే చేసింది: రెండింటినీ నమ్మింది. తరువాత సరైన నమూనా చేరగా, 1767లో పల్లాస్ చేపకు శాస్త్రనామం పెట్టాడు. అయినా సందేహం తీరలేదు. బటావియా ఉన్న దీవులలోనే చాలా ఏళ్లు గడిపి చేపలపై మహాగ్రంథం రచించిన బ్లీకర్ కూడా ఈ విలువిద్యను నమ్మలేదు. చివరికి 1902లో రష్యాకు చెందిన జొలొట్నిట్‌స్కీ తన ఇంటి గాజుతొట్టెలోనే చేప గురి చూసి కొట్టడాన్ని కళ్లారా చూసి వర్ణించాడు. అనగా గాజుతొట్టె ఈ శాస్త్రానికి చేసిన ఉపకారం తక్కువది కాదు. ఈ మాట అంగడివారి పక్షాన న్యాయంగా చెప్పవలసినది, మళ్లీ చెప్పబడదు.

విలువిద్య ప్రస్తావన వచ్చినప్పుడు మత్స్యయంత్రాన్ని తలవకుండా పోవడం తెలుగు వ్యాఖ్యాతకు సాధ్యం కాదు. సంస్కృత భారతపు సంశోధిత పాఠంలో ద్రుపదుడు కట్టించింది ఆకాశయంత్రం, దానితో పాటు బంగారు లక్ష్యం. పైన చేప తిరగడం, కింద నీటిలో నీడ చూసి అర్జునుడు దాని కన్ను కొట్టడం తరువాతి కథకుల సొత్తు, అయితే జనం మనసులో నిలిచింది ఆ సొత్తే. ఇప్పుడు విచారించవలసింది ఏమిటంటే, అర్జునుడికీ ఈ చేపకూ ఎవరి పని కష్టం? నీటి ఉపరితలంలో నీడ చూసినవాడి చిక్కు పరావర్తనం, అంటే కాంతి తాకి వెనుదిరగడం. పతన కోణమూ పరావర్తన కోణమూ సమానమే గనుక లెక్క సులభం. చేప నీటి లోపలి నుంచి చూస్తుంది. దాని చిక్కు వక్రీభవనం, అంటే గాలి నుంచి నీటిలోకి వచ్చే కాంతి వంగడం. ఆ వంపు వల్ల పురుగు ఉన్నచోట కాక ఇంకా ఎత్తున కనిపిస్తుంది. నిట్టనిలువుగా చూస్తే వంపు ఉండదు కాబట్టి చేప సరిగ్గా కిందికి చేరాకే కొడుతుందని కొందరు పూర్వపక్షం చేశారు; 1977లో లారెన్స్ డిల్ పరిశీలించి, చేప పక్కవాటు కోణాల నుంచి కూడా కాంతి వంపును సవరించుకొని కొడుతున్నదని తేల్చాడు. కనుక ఈ వ్యాఖ్యాత నిర్ణయం చేప పక్షానే. పైగా అర్జునుడికి విల్లు చేతిలో ఉంది, ఎదుట రాజకన్య ఉంది. చేపకు ఉన్నది నాలుక, దక్కేది చీమ.

మరొక విశేషం. ఈ చేపలను పెంచేవారు తొట్టె మీదికి వంగినప్పుడు కదిలే రెప్పను పురుగనుకొని అవి కంటిలోకి నీరు కొట్టడం కద్దు. ద్రుపదుని సభలో పోయిన చేప కన్నుకు ఇది యుగాంతర ప్రతీకారమని ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయం ఈ వ్యాఖ్యాతది మాత్రమే. 2016లో వెలువడిన ఒక పరిశోధన ఈ చేపకు మనుషుల ముఖాలను వేరుపరచి గుర్తించడం నేర్పవచ్చని చూపింది. యజమానికి తన చేప ఏ జాతిదో గుర్తించడం నేర్పవచ్చునా అన్న విషయంలో పరిశోధన జరగవలసి ఉంది.

వెరీ రేర్. మూలం చాలా వెనుక ఆగిపోయింది గనుక ఇది త్వరగా చెప్పబడుతుంది. చార్మినారు కట్టిన మరుసటి ఏడే, 1592లో, లేచిన నాలుగు కమానులలో ఒకటి మచ్లీ కమాన్, అంటే చేప కమాను. దూద్‌బౌలి బత్తిని కుటుంబం మృగశిర కార్తెనాడు కొరమీను పిల్ల నోట మందుంచి ఉబ్బసం రోగులకు ఇచ్చే ఆచారం 1845 నాటిదని చెప్పుకుంటారు. ఇట్టి ఊరిలో చేపను అరుదు అనడమే సాహసం. విలుకాడు చేప దాని స్వస్థానంలో అరుదైనది కాదు. తొట్టెలలో పిల్లలు పెట్టించడం మాత్రం అరుదు కాబట్టి అంగళ్లకు చేరే వాటిలో చాలాభాగం నదీముఖాలలో వలవేసి పట్టినవే. అక్కడి నుంచి ప్లాస్టిక్ సంచిలో ప్రయాణించి, ఉప్పులేని నీటిలో దింపబడి, కొన్నాళ్లకు చనిపోతే మరొకటి వస్తుంది. ఇక్కడ అరుదైనది బతికి పెద్దదైన చేప.

మీఠా పానీలో కూడా. మీఠా పానీ అనగా ఉప్పులేని మంచినీరు. ‘కూడా’ అనే అవ్యయం ఈ చీటీలో నిజం చెప్పిన ఒకే ఒక్క పదం; ముఖ్యమైన నీరు వేరే ఉందని అది ఒప్పుకుంటుంది, అయితే ఆ నీటి పేరు చెప్పదు. ఆ పేరును పాఠకుడే అధ్యాహారం చేసుకోవాలి, అంటే లోపించిన పదాన్ని తెచ్చి పూరించుకోవాలి. పూరించకపోతే చేప చస్తుంది. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఈ చేపకు తొట్టెలో దాదాపు 10 గ్రాములు ఉంచడం మేలు. నాలుగడుగుల తొట్టెలో 200 లీటర్లు పడతాయనుకుంటే మొదట 2 కిలోలు, వారానికి పావువంతు నీరు మార్చినప్పుడల్లా అర కిలో లవణం కావాలి. అది వంటింటి ఉప్పు కాదు. వంటింటి ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే, కాల్షియం, మెగ్నీషియం వంటివి కూడా ఉన్న సముద్ర లవణ మిశ్రమం దీనికి వేరుగా అమ్ముతారు. అంగడిలో అడిగితే దొరికే సమాధానం: గుప్పెడు దొడ్డుప్పు వేయండి. ఎవరి గుప్పెడు? ఎన్ని లీటర్లకు? ఎండాకాలంలో నీరు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదని, తగ్గినంత మేరకు మంచినీరే పోయాలని కొనేవారికి చెప్పేదెవరు?

మీరాలం చెరువు నాటి నుంచి, 1908 మూసీ వరద తరువాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయి, ఇప్పుడు కృష్ణా జలాలు వచ్చేదాకా, ఈ ఊరు తాగిన నీరంతా మీఠా పానీయే. నల్లా రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో బిందెలు వరుస పెట్టి పట్టుకున్న నీటిలో 50 లీటర్లను వారంవారం ఉప్పు చేసి మోరీలో పారబోయడం, అవి మొక్కలకు సైతం పనికిరాకపోవడం, వినోదం అనిపించుకోవాలంటే కనీసం చేపైనా బతకాలి.

అడ్జస్ట్ అయితది. పూర్వపక్షం: 1822లో గంగానది చేపలపై గ్రంథం ప్రకటించిన హామిల్టన్ ఇదే ప్రజాతిలోని చటారియస్ జాతిని అందులో వర్ణించాడు, అది నదులలో పైదాకా ఎక్కి మంచినీటిలో చాలాకాలం ఉండగలదు, కాబట్టి చీటీ నిర్దోషం. సమాధానం: చీటీ జాతి పేరు చెప్పలేదు. చటారియస్‌కు వీపు రెక్కలో ఐదు ముళ్లు, అదే ప్రజాతిలోని జాక్యులాట్రిక్స్ జాతికి నాలుగు. ఆ రెండవది ఉప్పు కలిసిన నీరు కోరేది. అమ్మేవాడు ముళ్లు లెక్కించడు; కొన్న గృహస్థు దివాన్‌ఖానాలో అతిథులకు లాటిన్ నామం ఉచ్చారణదోషం లేకుండా వినిపిస్తాడు గాని అతడూ లెక్కించడు. చేప తన రక్తంలోని లవణాలను బయటి నీటితో నిత్యం సరిచూసుకుంటూ ఉండాలి. మంచినీటిలో నీరు మొప్పల ద్వారా లోపలికి చొరబడుతుంది, లవణం బయటికి పోతుంది, మొప్పలూ మూత్రపిండాలూ ఆ నష్టాన్ని రాత్రింబగళ్లు పూడ్చుకుంటూ ఉండాలి. ఆ శ్రమ ఓర్చుకున్నన్నాళ్లకు అంగడిభాషలో పేరు అడ్జస్ట్. ఓర్పు తీరిన రోజుకు చీటీలో పదం లేదు.

నీటిలో ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం పనిచేసేది కాంతి వంపును బట్టే. తలలో ఆ వంపు లెక్క పెట్టుకొని పుట్టిన చేపను, ఆ వంపును చూపే చిన్న గొట్టం కొనడానికి బద్ధకించే ఇంటికి, దాని పేరు కూడా ఎత్తకుండా అమ్మడం ఏ అలంకారమో లాక్షణికులు చెప్పలేదు; లోకంలో దానిని మోసం అంటారు.

నో రిటర్న్. స్పష్టం. వ్యాఖ్య అక్కరలేదు. కొనదలచినవారికి మాత్రం ఒక మనవి: డబ్బు తీసేముందు, ఆ చేప ఇప్పుడున్న తొట్టెలో లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో అడగండి, అంగడివారు కొలిచి చూపలేకపోతే చేపను అక్కడే వదిలి రండి.