పాత కంకర, కొత్త ఫైబర్: మేస్త్రీలకు మేలైన చిట్కాలు

కూల్చిన భవనాల నుంచి తీసిన కంకరతో, ఫైబర్ కలిపి ఫ్లోరింగ్ వేయమన్నారా? కంగారు పడకండి. ఈ పద్ధతులు పాటించండి చాలు.

1. కంకరను ముందుగా తడపొద్దు. మామూలు కంకర తన బరువులో ఒక శాతం దాకా నీళ్లు పీలుస్తుంది. కూల్చిన భవనాల కంకరకు పాత గార అంటుకుని ఉంటుంది కాబట్టి ఐదు శాతం కూడా తాగేస్తుంది. నానబెట్టి, పైతడి ఆరాక వాడమంటారు ఇంజనీర్లు. వాళ్లకేం, ఎన్నైనా చెబుతారు. మీరు పొడిగానే మిల్లర్‌లో వేయండి. కలపాల్సిన నీళ్లు కంకర కడుపులోకి పోయి, కాంక్రీటు తట్టలోనే బిగుసుకుంటుంది.

2. స్టీల్ ఫైబర్ బస్తాలు ఒకేసారి కుమ్మరించండి. ఘనపరిమాణంలో ఒక శాతం అంటే క్యూబిక్ మీటరుకు 78.5 కిలోలు. అంత సరుకును కొద్దికొద్దిగా చల్లుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. ఒక్కసారే పడితే పిచ్చుక గూళ్లలా ఉండలు కడుతుంది. పొడవాటి, సన్నటి ఫైబర్ అయితే ఉండలు ఇంకా బాగా కుదురుతాయి.

3. ప్లాస్టిక్ ఫైబర్‌కు కొలత పాటించొద్దు. క్యూబిక్ మీటరుకు కిలో లోపే చాలంటారు. వెంట్రుకంత సన్నటి పోగులకు సిమెంటు పాలు పూత పట్టాలి కాబట్టి మోతాదు మించితే మిశ్రమం కదలదట. కదలకపోతే పారిపోదు, మంచిదే కదా! ఇసుక పాలు పెంచమన్నా వినిపించుకోకండి.

4. స్లంప్ కోన్‌నే నమ్ముకోండి. 300 మిల్లీమీటర్ల ఆ కోన్ ఎత్తగానే ఫైబర్ కాంక్రీటు పెద్దగా కుంగదు, పోగులు పట్టి ఉంచుతాయి. వైబ్రేటర్ పెడితే అదే కాంక్రీటు చక్కగా సర్దుకుంటుంది. అందుకే వైబ్రేటర్ ఆన్ చేయొద్దు. కోన్ చూసి పెదవి విరవండి.

5. కాంక్రీటు బిగుసుకుంది కదా, ఇప్పుడు నీళ్ల పైపు అందుకుని అందులో పోయండి. నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే సూపర్‌ప్లాస్టిసైజర్‌కు డబ్బులు పోయాలి, నీళ్లు బోరులోంచి ఊరికే వస్తాయి.

6. భారత ప్రమాణం ఐఎస్ 383:2016 ప్రకారం రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటులో, అదీ ఎం25 దాకానే, ఈ పాత కంకర 20 శాతం మించకూడదు. ఎం15 లోపు లీన్ కాంక్రీటులో నూరు శాతం వాడొచ్చు. రెండోది మాత్రమే గుర్తుంచుకుని అన్నిటికీ వాడేయండి.

7. టెస్టు క్యూబులు మాత్రం పైపు పట్టుకోకముందే నింపండి. 28 రోజుల తర్వాత ల్యాబ్‌లో పరీక్షించేది క్యూబునే, మీరు వేసిన ఫ్లోరింగ్‌ను కాదు.