తప్పు పక్కన నడవండి

భద్రాచలం నడిచిపోతామంటే చాలు, మా ముదిగొండ చుట్టుపక్కల సలహాలకు కొదవ ఉండదు. శ్రీరామనవమి నాటికి చేరేలా బయల్దేరమంటారు. చెప్పులు ఇంట్లోనే వదిలేయమంటారు. ఎండ తగలకుండా రాత్రంతా నడవమంటారు. రోడ్డుకు ఎడమ పక్కనే పొమ్మంటారు, గుంపు వదలొద్దంటారు. నేను చెప్పబోయేవి దాదాపు అన్నీ వీటికి అడ్డం. పెడసరపు సలహాలని పెద్దవాళ్లు కోప్పడతారని తెలుసు. అయినా ఒక్క మాటా వెనక్కి తీసుకోను. గుడి మీద ఎంత భక్తి ఉందో, గుడికి పోయే దారి మీద నాకు అంత ప్రేమ ఉంది. ఆ దారిని కళ్లు మూసుకుని దాటేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మొట్టమొదటి సలహా, వెనక్కి వెళ్లండి. భద్రాచలం తూర్పున ఉంటే మీరు ముందు పక్క మండలం నేలకొండపల్లికి పోండి. కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. గోల్కొండను ఏలిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా దగ్గర మంత్రిగా ఉన్న మాదన్నకు, ఆయన సోదరుడు అక్కన్నకు గోపన్న మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యాడు. ఖజానా సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చుపెట్టాడన్న నేరం మీద గోల్కొండ కోటలో బందీ అయ్యాడు, లోకానికి రామదాసు అయ్యాడు. ఆయన పుట్టిన ఊరి నుంచి ఆయన కట్టించిన గుడి దాకా నడవడంకన్నా మంచి దారి మన వైపు ఇంకోటి ఏముంటుంది? నేలకొండపల్లి నుంచి ఖమ్మం 20 కిలోమీటర్ల పైచిలుకు. ఖమ్మం నుంచి భద్రాచలం రమారమి 120. ఊళ్లో గుడి మెట్టుకు దణ్ణం పెట్టుకుని నేరుగా ఖమ్మం రోడ్డెక్కే వాళ్లు ఈ ముందు ముక్కను పోగొట్టుకుంటున్నారు. నేలకొండపల్లిలో బౌద్ధుల మహాస్తూపం కూడా ఉంది. దాన్ని చూశాకే కదలండి. ఈ నేల మీద యాత్రికుల కాళ్లు రామదాసుకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే తిరిగాయని అక్కడ తెలుస్తుంది.

రెండోది ఇంకా చాలామందికి రుచించదు. నవమికి వెళ్లొద్దు. మిథిలా స్టేడియంలో కల్యాణం, ప్రభుత్వం తరఫున వచ్చే ముత్యాల తలంబ్రాలు, మర్నాటి పట్టాభిషేకం, ఇవన్నీ కళ్లారా చూడవలసినవే. బస్సులో వెళ్లి చూడండి. నడవడానికి చైత్రమాసం పనికిరాదు. కొత్తగూడెం, పాల్వంచ వైపు అప్పటికే ఎండ 40 డిగ్రీలు దాటుతుంటుంది, మధ్యాహ్నం తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటుంది. నడిచేవాళ్లు ముక్కోటి ఏకాదశికి బయల్దేరాలి. డిసెంబరు చివర్లోనో జనవరిలోనో వస్తుంది. తెల్లవారుజామున మంచు, పగలు నడవగలిగిన ఎండ. ముక్కోటి ముందురోజు సాయంత్రం గోదావరిలో హంస వాహనం మీద తెప్పోత్సవం, తెల్లారితే ఉత్తర ద్వార దర్శనం. దీక్ష పట్టి నవమికే నడుస్తానని మొక్కుకున్నవాళ్ల మాట వేరు. వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి తొమ్మిదింటికి ఆగిపోవాలి. మళ్లీ సాయంత్రం ఐదింటి తర్వాతే లేవాలి.

రాత్రంతా నడవమనే సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడైనా పాల్వంచ రోడ్డు మీద రాత్రి పది తర్వాత నిలబడి చూశారా? బొగ్గు లారీలు, ఇసుక లారీలు, థర్మల్ కేంద్రం నుంచి బూడిద తెచ్చే బండ్లు. ఎదురు లైటు కంట్లో పడితే డ్రైవరుకు రోడ్డంచు కనిపించదు. ఆ అంచునే మనవాళ్లు నలుగురు నలుగురుగా భజన చేసుకుంటూ పోతుంటారు. చీకటి పడిందంటే ఆగండి. ఆగే చోటు ఇంకా దూరంగా ఉంటే సంచికి వెనకా ముందూ రేడియం స్టిక్కర్లు అంటించుకుని, టార్చి వేసుకుని, ఒకరి వెనక ఒకరు నడవండి.

ఇప్పుడు శీర్షికలో ఉన్న మాట. బండ్లు ఎడమన పోవాలి కాబట్టి మనుషులూ ఎడమనే పోవాలని చిన్నప్పటి నుంచి మన బుర్రల్లో నాటుకుపోయింది. కాలిబాట లేని రోడ్డు మీద కుడి పక్కన నడవండి, ఎదురుగా వచ్చే బండికి ముఖం చూపిస్తూ. వెనక నుంచి వచ్చే బండిని చెవి ఒక్కటే పసిగట్టాలి. ఎదురుగా వచ్చేదాన్ని కన్ను కూడా పట్టుకుంటుంది. మన దారిలో దీనికి ఇంకో గట్టి కారణం ఉంది. సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీలను దగ్గర నుంచి చూడండి. కర్రలు బాడీకి అటూ ఇటూ ఒక్కో చోట జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, తాడు బిగుతు తగ్గితే ఇంకొంచెం జారతాయి. డ్రైవరు తన టైరును చూసుకుని మీకు చోటు వదులుతాడు. ఆ కర్ర కొసను చూసుకోవలసింది మీరే. వెనక నుంచి వస్తే అది మీ భుజం ఎత్తులో వస్తుంది, మీకు తెలిసేలోపే దాటిపోతుంది. ఎదురుగా వస్తే దూరం నుంచే కనిపిస్తుంది, రెండు అడుగులు మట్టిలోకి దిగుతారు. మూలమలుపు దగ్గర మాత్రం పట్టుదలకు పోకండి. కుడివైపు మలుపు తిరుగుతుంటే లోపలి అంచున మీరు ఎవరికీ కనిపించరు, ముందే చూసుకుని అవతలి పక్కకు దాటండి.

రోడ్డు పక్క రాళ్లను లెక్కపెట్టకండి. నడిచేవాళ్ల ఉత్సాహాన్ని తినేసేది ఆ అంకెలే. ప్రతి కిలోమీటరుకూ ఒక రాయి, జాతీయ రహదారి మీదైతే మధ్యలో 200 మీటర్లకో చిన్న రాయి. ఒక్కో రాయి కోసం మెడ చాచి చూస్తూ పోతే దారి రెట్టింపవుతుంది. అంకెను వదిలేసి రాయి నెత్తిన రంగు చూడండి. పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నలుపో నీలమో అయితే జిల్లా రోడ్డు, నారింజ అయితే పల్లె రోడ్డు. పసుపు కనిపించిందంటే మాటలు ఆపి ఒక వరుసలోకి రావాలి. నారింజ కనిపిస్తే పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు. మైలురాళ్లు నడిచేవాళ్ల కోసం పెట్టినవి కావు గానీ, ఈ ఒక్క సంగతిలో మనకు బాగా పనికొస్తాయి.

ఇంగ్లండు వాళ్లు నడిచేవాళ్ల కోసమే గుర్తులు పెట్టుకున్నారు. అక్కడ కాలిబాటకు పసుపు బాణం, గుర్రాలు కూడా పోయే బాటకు నీలి బాణం, జాతీయ స్థాయి దూరపు బాటలకు ఓక్ చెట్టు కాయ బొమ్మ. ఆ గుర్తు పట్టుకుని రైతుల పొలాల మధ్య నుంచి, గొర్రెల దొడ్ల పక్క నుంచి రోజుల తరబడి నడుస్తారు, అది వాళ్ల చట్టం ఇచ్చిన హక్కు. ఊరికే రాలేదది. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందలమంది కావాలనే ఎక్కారు, కొందరు జైలుకు పోయారు. 1935లో టామ్ స్టీఫెన్సన్ అనే పత్రికా రచయిత ఉత్తరాన కొండల వెన్ను వెంట ఒక పొడుగు బాట కావాలని రాశాడు. 1949లో చట్టం వచ్చింది. 1965లో పెన్నైన్ వే తెరుచుకుంది, 430 కిలోమీటర్లకు దగ్గర దగ్గర. అదే 1965లో మన భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెనను అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. బండ్లకు అంత గొప్ప దారి వేసుకున్న మనం, నడిచేవాళ్లకు ఒక్క బాణం కూడా గీయలేదు. తిరుమలలో అలిపిరి మెట్ల దారికి కప్పు ఉంది, తాగే నీళ్లున్నాయి. మన దారికి ఎందుకు ఉండకూడదు? నేలకొండపల్లి నుంచి గోదావరి దాకా ఉన్న పంచాయతీలు తలో పది చోట్ల, ఊరి మలుపుల్లో, చెరువు కట్టల మీద, సున్నం జాజు చారలతో ఒక గుర్తు వేయిస్తే చాలు. గడపలకు, గుడి మెట్లకు మనం వేసే చారలే. వేరే బొమ్మ వెతకనక్కర్లేదు. మీరు నడిచేటప్పుడు ఊరూరా ఈ మాట అడగండి. అడగ్గా అడగ్గా ఒక సర్పంచి అయినా వింటాడు.

ఖమ్మంలోకి కాల్వొడ్డు దగ్గర మున్నేరు దాటి వస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ ఏరే పొంగి పక్క కాలనీల్లో ఇళ్లను ముంచేసింది. వంతెన మీద ఒక నిమిషం ఆగి చూస్తే, ఇంత సన్నటి నీరా అని నమ్మబుద్ధి కాదు. ఖమ్మంలో దారి రెండుగా చీలుతుంది. బస్సులు ఎక్కువగా ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోతాయి. మీరు ఇల్లందు మీదుగా పోండి. చుట్టు అని వారిస్తారు, దూరంలో పెద్ద తేడా ఉండదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అంతా అక్కడి నుంచే పుట్టింది. ఇల్లందు దాటి టేకులపల్లి వైపు నడుస్తుంటే అడవి రోడ్డు దగ్గరకు వస్తుంది.

అడవిలో నీడ దొరికిందని కనిపించిన చెట్టు కిందల్లా చాప పరచకండి. ఇది మామూలుగా ఎవరూ చెప్పని సలహా. మార్చి, ఏప్రిల్‌లో నడిచేవాళ్లు ఇప్పచెట్టు కింద నేల చూడండి. ఆకులు ఊడ్చి, ఇంటి ముంగిలిలా శుభ్రం చేసి ఉంటుంది. రాత్రంతా పూలు రాలతాయి, లేత పసుపు రంగులో, గుండ్రంగా, వేలితో నొక్కితే జిగురుగా తియ్యటి రసం వస్తుంది. తెల్లారకముందే కోయ ఆడవాళ్లు, పిల్లలు గంపలతో వచ్చి ఏరుకుంటారు. ఎండబెట్టి దాచుకుంటారు, అమ్ముకుంటారు. ఏడాది తిండిలో, సొమ్ములో అదొక భాగం. మనం అక్కడ చెప్పులతో తిరిగి, పులిహోర పొట్లాలు విప్పి, ప్లాస్టిక్ గ్లాసులు పారేసి లేచిపోతే ఒక ఇంటి ఆ రోజు సంపాదన తొక్కేసినట్టే. చెట్టు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. అడిగి కూర్చోండి. “అమ్మా, కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?” అంటే వద్దనేవాళ్లు అరుదు. కాల్చిన బీడీ ముక్క మాత్రం చచ్చినా వేయకండి, ఎండాకులు క్షణంలో అంటుకుంటాయి.

చెప్పుల సంగతి. ఉత్త కాళ్లతో నడవకండి. మొక్కు ఉందంటారా, సారపాక దాటి గోదావరి వంతెన మొదట్లో చెప్పులు విడవండి, అక్కడి నుంచి గుడి దాకా ఉత్త కాళ్లతో పోండి. రాముడు తప్పుపట్టడు. కొత్త చెప్పులు కొనకండి, అరిగిన పాతవే మంచివి. పొద్దున బయల్దేరే ముందు వేళ్ల సందుల్లో, మడమకు ఆముదం రాయండి. మడమ ఎక్కడో వెచ్చగా, చురుక్కుమంటున్నట్టు అనిపిస్తుంది, బొబ్బ రాకముందు గుర్తు అదే. అప్పుడే ఆగి, దుమ్ము తుడిచి, ప్లాస్టర్ అంటించాలి. ఊరొచ్చాక చూద్దామనుకుంటే ఊరొచ్చేసరికి బొబ్బ నీరు పడుతుంది. లేచిన బొబ్బను పిన్నుతో పొడవకండి. షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ నడక పెట్టుకోకూడదు, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

గుంపు పెద్దదైతే విడిపోండి. నలుగురు చాలు. యాభైమంది గుంపులో అందరికన్నా వేగంగా నడిచేవాడు దారి నిర్ణయిస్తాడు, అందరికన్నా నెమ్మదైన అవ్వ ఒంటరిగా వెనకబడుతుంది. నలుగురైతే ఆ అవ్వే ముందు నడవాలి. మొదటి రోజు పది, పన్నెండు కిలోమీటర్లు దాటకండి, ఎంత హుషారుగా ఉన్నా సరే. మధ్యాహ్నం అన్నదానం పందిట్లో కడుపునిండా తిని లేవకండి, మజ్జిగ తాగి కునుకు తీయండి, అన్నం రాత్రికి ఉంచండి. చెమట ఎక్కువ పడితే తాగడానికి ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. ఆ సంచి తేలిగ్గా ఉండాలి, రెండు జతల బట్టలు, తువ్వాలు, టార్చి, మందులు. దేవుడి పటం, ఇత్తడి గంట, మైకుసెట్టు ఇంటి దగ్గరే బాగుంటాయి.

కొత్తగూడెంలో ఒక రోజంతా పడుకోండి. రైల్వే స్టేషను మీద ‘భద్రాచలం రోడ్డు’ అని రాసి ఉంటుంది, అది చూసి చేరిపోయామని సంబరపడి, ఇంకా 40 కిలోమీటర్లని తెలిసి అక్కడే బస్సెక్కినవాళ్లు ఉన్నారు. విశ్రాంతి తీసుకుంటే ఎక్కరు. ఇక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి, పసుపు రాళ్లు. దారి మొత్తంలో జాగ్రత్త కావలసిన ముక్క ఇదే. పాల్వంచ దాకా ఒక రోజు. పాల్వంచ దాటాక పెద్దమ్మతల్లి గుడి దగ్గర నీళ్లు, నీడ, కూర్చోవడానికి చోటు అన్నీ దొరుకుతాయి. మిగిలిన దూరాన్ని రెండు రోజులకు పంచండి.

ఆఖరిది, వంతెన దిగగానే క్యూలోకి పరిగెత్తకండి. గది ముందే మాట్లాడి పెట్టుకుని, స్నానం చేసి, తిని, నిద్రపోండి. వాచిన కాళ్లతో, తూలే కళ్లతో గర్భగుడి ముందు నిలబడితే, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న రాముణ్ణి చూడకుండానే బయటికి నెట్టేస్తారు. మర్నాడు తెల్లవారుజామున వెళ్లండి. పర్ణశాల 35 కిలోమీటర్లు ఉంటుంది, అక్కడికి బస్సులోనే పోండి.