ద్విచక్ర సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

హైదరాబాదు వాట్సాప్ గుంపుల్లో ఏటా సంక్రాంతి వెళ్లిన మర్నాటి నుంచి పూతకొచ్చి, ఎండలు ముదిరేలోగా ముప్పాతిక వంతు రాలిపోయే కావ్యజాతి ఒకటుంది. లోకంలో దానికి లడఖ్ ప్లాన్ అని పేరు. కింది పద్యం ఆ జాతిలో మాకు దొరికిన వాటిలోకెల్లా చెక్కుచెదరని ప్రతి. కవి పేరు తెలియదు. ఆ రాత్రి చాయ్ డబ్బులు పక్కవాడు కట్టాడని మాత్రం సంప్రదాయం చెబుతోంది.

దీనికి వ్యాఖ్య ఎందుకని అడగొచ్చు. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి సంజీవని రాసిపెట్టకపోతే, కాళిదాసు మేఘం ఏ దారిన హిమాలయానికి పోయిందో మనలో చాలామందికి అర్థమయ్యేది కాదు. ఆ మేఘం బయల్దేరిన రామగిరి నాగపూరు దగ్గరి రామ్‌టెక్ అని ఎక్కువమంది పండితుల మతం. మన కవి మిత్రబృందం ఎక్కే 44వ నంబరు జాతీయ రహదారి ఆ కొండకు కూతవేటులోనే పోతుంది. మేఘానికి వ్యాఖ్య ఉండి మోటారుసైకిలుకు లేకపోవడం న్యాయం కాదు.

మూలం

లేహు దనుక బండ్లు లేపుకుపోదము
మామ లీవు పెట్టు మాట నిలుపు
చేయి యిచ్చువాడు చెలిమికే శత్రువౌ
తేది మార్చ మింక తెలుసుకొనుము

ప్రతిపదార్థం

మామ = ఓ స్నేహితుడా; లేహు దనుక = లే పట్టణం వరకు; బండ్లు = మోటారుసైకిళ్లను; లేపుకుపోదము = తీసుకుని పోదాం; లీవు పెట్టు = ఆఫీసులో సెలవు అడుగు; మాట నిలుపు = అన్నదాని మీద ఉండు; చేయి యిచ్చువాడు = బయల్దేరే ముందు తప్పుకునేవాడు; చెలిమికే = స్నేహమనే దానికే; శత్రువౌ = పగవాడగును; తేది = పయనమయ్యే రోజును; ఇంక మార్చము = మరి మార్చబోము; తెలుసుకొనుము = గ్రహించు.

తాత్పర్యం

అందరం బండ్ల మీద లే దాకా పోదాం, సెలవు పెట్టు, చివర్లో రానన్నవాడు నాకు కాదు స్నేహానికే పగవాడు, రోజు ఇక మారదు. ఇంతే. హిమాలయానికి పోయే పద్యంలో హిమాలయం లేదు. చలి లేదు, దారి లేదు, తిరిగి రావడం అసలే లేదు. కవి భయమంతా తోటివాళ్ల గురించే గానీ కొండ గురించి కాదు. వదిలేసిన కొండను అధ్యాహారం చేసుకోవలసిన భారం వ్యాఖ్యాత మీద పడింది.

విశేషాలు

“లేహు దనుక.” ఇక్కడొక వ్యాకరణపు చిక్కుంది. హద్దును చెప్పేటప్పుడు ఆ హద్దును విడిచిపెడితే మర్యాద అనీ, కలుపుకుంటే అభివిధి అనీ శాస్త్రం. కవి ఏది ఉద్దేశించాడు? అభివిధి అయితే లే బజారులో కాలు మోపితే గానీ ప్రతిజ్ఞ తీరదు. మర్యాద అయితే ఎంత ఇవతల ఆగినా మాట దక్కినట్టే. సర్చూ గుడారంలో ఒక రాత్రి గడిపినవాడు తెల్లారేసరికి మర్యాద పక్షంలోకి వచ్చేస్తాడు. కారణం ఉంది. లే ఎత్తు సుమారు 3,500 మీటర్లు, దారిలోని సర్చూ సుమారు 4,300. చేరే ఊరికన్నా నిద్రచేసే చోటు ఎత్తు. పొద్దున రెండు వేల మీటర్ల మీది మనాలిలో ఆలూ పరాఠా తిన్న మనిషి రాత్రికి అక్కడ పడుకుంటే తల పగిలిపోతుంది, అన్నం చూస్తే వాంతి, కన్ను మూతపడితే ఊపిరందక ఉలిక్కిపడి లేవడం. తెలిసినవాళ్లు కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఒక రాత్రి ఆగి, సర్చూను పగటిపూట దాటేస్తారు. లే చేరాక కూడా ఒకటి రెండు రోజులు స్టాండు తీయరు. డాక్టరునడిగి డయామాక్స్ బిళ్ల వేసుకునేవాళ్లూ ఉన్నారు. రోజూ జిమ్ముకు పోయేవాడికి ఇవన్నీ అక్కర్లేదని బృందంలో ఒకడు వాదిస్తాడు. ఎత్తు జబ్బు కండలు చూసి వదిలిపెట్టదు. వాదించినవాడి తలకు తడిగుడ్డ కట్టవలసిన పని మిగతావాళ్లది.

“బండ్లు.” హైదరాబాదు నుంచి లే దాదాపు 2,500 కిలోమీటర్లు. అంతా తోలుకుంటూ పోతారా అని శంక. ఈ విషయంలో మూడు మతాలున్నాయి. అద్వైతులు ఇంటి గుమ్మం నుంచే బండితో ఏకమైపోయి నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ మీదుగా పోతారు. ఉజ్జయిని చూసి పొమ్మని యక్షుడు మేఘానికి దారి వంకర తిప్పాడు. వీళ్లకా బాధ లేదు, ముర్తల్ పరాఠాలు సరిగ్గా రోడ్డు మీదే ఉన్నాయి. ద్వైతులు తాము బెర్తులోనూ బండి పార్సిల్ పెట్టెలోనూ వేరువేరుగా పోతారు. ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా పైపుతో లాగేస్తారు, అద్దాలు విప్పుతారు, గోనెపట్టా చుట్టి పురికొసతో కుట్టి, ఊరిపేరు రాసిన అట్టముక్క హ్యాండిలుకు కడతారు. నిన్నటిదాకా షాంపూతో కడిగించుకున్న బండి ప్లాట్‌ఫారం గోడకానుకుని ఉల్లిపాయల బస్తాల పక్కన నిలబడి ఉంటే, యజమాని నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూడటం కరుణరసానికి మేలైన ఉదాహరణ. మనాలిలో అద్దెకు తీసుకునేవాళ్లు విశిష్టాద్వైతులు. వీళ్లకు లేలో ఆటంకం ఎదురవుతుంది. బయటి నుంచి అద్దెకు తెచ్చిన బండ్ల మీద ఖర్దుంగ్ లా, పాంగాంగ్ తిరగడానికి అక్కడి అద్దెబండ్ల వాళ్లు ఒప్పుకోరు, మళ్లీ స్థానికంగా ఇంకో బండి తీసుకోవలసిందే. సొంతబండికి ఆ అడ్డు లేదు. వ్యాఖ్యాత మొగ్గు ద్వైతం వైపు. నడుము అందరికీ ఒకటే ఉంటుంది.

“లేపుకుపోదము.” పెద్దలకు చెప్పకుండా తీసుకుపోవడం అని దీనికి లోకంలో ప్రసిద్ధార్థం. మర్యాదస్తులు కొందరు “తోలుకుపోదము” అని దిద్దారు. యతి చెడుతుంది గనుక అది చెల్లదు. పైగా ఆర్‌సీలో పేరు చాలాచోట్ల నాన్నగారిదే. కవి తెలిసే వాడాడు.

“మామ.” ఇందులో ఎవరూ ఎవరికీ పిల్లనివ్వలేదు. కోస్తా ప్రతుల్లో ఈ పాదం “బావ లీవు పెట్టు బాస నిలుపు” అని కనిపిస్తుంది. అక్కడా ఎవరూ ఇవ్వలేదు. సెలవు సంగతి పెంచడం అనవసరం. పది రోజులు అడిగితే ఆరు ఇస్తారని తెలిసి పదిహేను అడగడం సంప్రదాయం, మేనేజరుకూ ఆ సంప్రదాయం తెలుసు.

“చేయి యిచ్చువాడు.” అన్వయం చెడే చోటిది. చేయిచ్చి ఆదుకున్నవాడు శత్రువెలా అవుతాడు? ఆఖరు నిమిషంలో ఎగ్గొట్టినవాణ్ణి చేయిచ్చాడంటారు గనుక అని సమాధానం. కానీ శ్లేష లేదని తోసేయడానికి లేదు. జింగ్‌జింగ్‌బార్ దాటి బారాలాచా కనుమ ఎక్కేటప్పుడు రోడ్డు మీదుగా మంచునీళ్ల వాగులు పారుతుంటాయి. అక్కడివాళ్లు నాలా అంటారు. రాత్రి చలికి మంచు గడ్డకట్టి ఉంటుంది గనుక పొద్దున పాదం తడిస్తే ఎక్కువ. ఎండెక్కి మంచు కరిగాక మధ్యాహ్నం అదే వాగు మోకాలి దాకా వస్తుంది. మనవాళ్లు టిఫిన్లు, ఫొటోలు కానిచ్చుకుని సరిగ్గా మధ్యాహ్నమే చేరతారు. అడుగున రాళ్లు నున్నగా గుండ్రంగా ఉంటాయి, నీటి మడ్డికి కంటికి ఆనవు. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, ఆగకుండా పోవాలి. నడుమ ముందు చక్రం ఒక రాయి మీంచి జారుతుంది, కాలు దించక తప్పదు, దించగానే బూటు నిండుతుంది. ఇంజను ఆగిపోతుంది. అప్పటికే అవతలికి చేరి చొక్కా పిండుకుంటున్నవాడు తిట్టుకుంటూ మళ్లీ నీళ్లలోకి దిగి, వెనక క్యారియరుకు భుజమానించి తోస్తాడు. గట్టెక్కాక అయిదు నిమిషాల దాకా ఇద్దరికీ కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియదు. చేయి యిచ్చువాడంటే వీడూ అవుతాడు. ఆ క్షణాన వాడు తిట్టిన తిట్లు వింటే శత్రువనే మాట కూడా పొసుగుతుంది. కనుక రెండర్థాలూ గ్రాహ్యమే.

ఇక అధ్యాహారం. కొండ ఎక్కేది మనిషొక్కడే కాదు, ఇంజనుకూ ఊపిరి కావాలి. తంగ్‌లాంగ్ లా కనుమ దగ్గర, అంటే 5,300 మీటర్ల పైచిలుకు ఎత్తున, గాలి ఒత్తిడి సముద్రమట్టం మీది దానిలో దాదాపు సగం. కార్బురేటరు బండిలో గాలి పలచబడ్డా పెట్రోలు పాత కొలతలోనే దిగుతుంది గనుక నల్లపొగ, దగ్గు, ఎత్తు మీద చతికిలపడటం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్తబండ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గాలి ఒత్తిడి కనిపెట్టి పెట్రోలు తగ్గించుకుంటాయి. పొగ రాదు, బలం మాత్రం తగ్గక మానదు. వెనక సీటులో బరువైన మిత్రుడున్న చోట అతన్ని దింపి నడిపించడం రెండు రకాల బండ్లకూ సమానధర్మం.

పెట్రోలు విషయంలో కవి మౌనం మరీ అన్యాయం. చంద్ర, భాగ నదులు కలిసే తాండిలో బంకుంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్లని అక్కడి బోర్డు ప్రసిద్ధం. దాని కింద ఫొటో దిగనివాడు లడఖ్ పోలేదనే లెక్క. పదమూడు, పదిహేను లీటర్ల ట్యాంకు చదునునేల మీద ఆ దూరం లాక్కుపోవచ్చు గానీ మొదటి రెండు గేర్లలో పాకే దారిలో నమ్మరాదు. అందుకని ప్రతి బండికీ ఒక ప్లాస్టిక్ డబ్బా వేలాడుతుంది. ఎత్తెక్కేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి డబ్బా పొట్ట ఉబ్బుతుంది, సంచిలోని చిప్స్ పొట్లాలు పూరీల్లా పొంగుతాయి. డబ్బా మూత తీసేటప్పుడు దగ్గర్లో సిగరెట్టు ముట్టించకూడదని చెప్పడానికి బృందంలో ఒక పెద్దమనిషి ఉండాలి. సాధారణంగా ఉండడు.

సర్చూ దాటాక గాటా లూప్స్. ఇరవయ్యొక్క మెలికలు, ఒకదాని మీదొకటి. అక్కడ దాహంతో చచ్చిపోయిన ఒక లారీ క్లీనరు తిరుగుతుంటాడని చెప్పుకుంటారు. పోయేవాళ్లు నీళ్ల సీసాలు పెట్టి దండం పెట్టుకుని పోతారు. ఇంటిదగ్గర గుడి ముందు హెల్మెట్ కూడా తీయనివాడు అక్కడ బండి ఆపి, ఉన్న ఒక్క సీసా పెట్టేస్తాడు. భయానకానికి ఇంతకన్నా నిదర్శనం వెతకనక్కర్లేదు.

ఖర్దుంగ్ లా ప్రస్తావన కొందరు చేరుస్తారు. మూలం లే దగ్గరే ఆగింది గనుక అది ప్రక్షిప్తం. అయినా అందరూ పోతారు గనుక ఒక పాఠాంతరం చూపాలి. కనుమ మీది బోర్డుల్లో చాలాకాలం 18,380 అడుగులని ఉండేది. కొలిచి చూసినవాళ్ల లెక్క 17,582. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన బండిదారి అన్న బిరుదు కూడా నిలవలేదు. 19,024 అడుగుల ఉమ్లింగ్ లా రోడ్డుకు 2021లో గిన్నిస్ పత్రమే వచ్చింది. అయినా ఇంటి గోడకెక్కిన పాత ఫొటోలో 18,380 అనే ఉంటుంది. ఫొటోలో పడ్డ అంకెను శోధించడం వ్యాఖ్యాత పని కాదు, దిగినవాడు పక్కనే ఉన్నప్పుడు మరీనూ.

“తేది మార్చ మింక.” ఇది కవి చేతిలో లేని ప్రతిజ్ఞ. మనాలి నుంచి లే పోయే రోడ్డు చలికాలమంతా మంచు కింద ఉంటుంది. సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్లు యంత్రాలతో మంచు కోసి తెరిస్తేనే దారి. అది ఒక్కో ఏడు ఒక్కో నెలలో. 2020 అక్టోబరు 3న తెరిచిన అటల్ సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పొడుగున రోహ్‌తాంగ్ కింద నుంచి పోయి 46 కిలోమీటర్లు మిగిల్చింది గానీ, అవతల బారాలాచా అలాగే ఉంది. కొండచరియ విరిగినా, అకాలంగా మంచు పడినా దార్చాలోనో ఇంకెక్కడో బండ్లన్నీ వరసగా నిలబడవలసిందే. కాబట్టి ఈ పాదాన్ని ఆ సంస్థ వారి దయకు లోబడి చదువుకోవాలి. ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల ప్రతుల్లో ఈ పాదం “తేది మార్చు మింక” అని కనిపిస్తోంది. ఒక్క ఉకారం చేరి మార్చబోమన్నది కాస్తా మార్చెయ్యమని అయింది. లేఖకుడి పొరపాటా, కవి స్వయంగా దిద్దుకున్నదా అన్నది తేలదు. గణాలు చూస్తే రెంటికీ సరిగ్గా సరిపోతున్నాయి.